పైడి వంతు

సోమవారం

హమ్మయ్య, మనిషి దిగింది!

జపాను నుంచి రావలసిన పడవ అలల పోటుకి వెనక్కి మళ్లిందని విని, ఇంక రాదులే అని ఆశ వదిలేసుకున్నాను. ఈ పొద్దున్న బడి తెప్ప అంచున నిలబడి మంచువలలు పిండుతున్నాను. మాకు తాగేనీళ్లు వాటిలోంచే. తెల్లవారేసరికి వలకి పట్టిన చెమ్మంతా పీపాలోకి పిండుకోవాలి. వెనకాల నిచ్చెన చప్పుడైతే తిరిగి చూశాను. చేతిలో చిన్న పెట్టె, నెత్తిన గుడ్డ టోపీ, యాభై దాటిన ఒకావిడ నవ్వుతూ పైకెక్కి వచ్చేసింది. మొరిత కజుయె అట. నడుం వంచి దణ్ణం పెట్టింది. నేనూ వంచాను. ఆవిడ మళ్లీ వంచింది, నేనూ మళ్లీ వంచాను. కింద తెప్ప ఊగుతోంది, ఇద్దరం కలిసి సముద్రంలో పడబోయాం. అప్పుడు ఆపాం.

ఆవిడ భుజం మీద చిలక ఉంది. నిజం చిలక కాదు, మాటలు మార్చే యంత్రం. ఆవిడ జపాను భాషలో ఏదో అనగానే అది తెలుగులో, "తమ దర్శనమున మిక్కిలి సంతోషించితిని" అంది. ఆ తెలుగు విని బడి పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు.

ఈ చిట్టా రాయమన్నది మొరిత గారే. వాళ్ల దేశపు బడుల పద్ధతులు ఎడారి బడులకీ మంచుకొండల బడులకీ ఇదివరకే తీసుకెళ్లిందట. ఇక్కడ ఎలా నడిచిందో రాస్తే, రేపు వేరే దేశాల్లో ఈ పద్ధతులు మొదలుపెట్టే పంతులమ్మలకి పనికొస్తుందంది. కాబట్టి అమ్మా, నువ్వెవరివో, ఏ దేశంలో ఉన్నావో నాకు తెలీదు. నా పేరు అప్పలనర్స. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. అది ముందే తెలుసుకుని చదువు.

మా ఊరు తేలూరు. తేళ్లు లేవు, తెప్పల మీద తేలుతుంది కనక ఆ పేరు. ఒడ్డున ఉన్న పల్లెలన్నీ నీళ్లలో కలిసిపోయాక ఇల్లిల్లూ ఒక తెప్ప అయింది. తెప్పకి తెప్పకి పగ్గాలు కట్టుకుని ఊరనిపించుకున్నాం. నేల తుడవడానికి బొద్దింకలున్నాయి. అంటే అరచేతంత యంత్రాలు, ఆ పేరు మేం పెట్టుకున్నదే. అన్నం గోడలో గొట్టంలోంచి వస్తుంది. చదువు చెప్పడానికి ఇంటింటికీ గోడమేష్టారు. మొన్నమొన్నటి దాకా ప్రతి పిల్లా ఎవరి తెప్ప మీద వాళ్లు గోడకి ఎదురుగా కూర్చుని చదువుకున్నవాళ్లే. ఎంత పెద్ద లెక్కయినా గడగడా చెప్పేస్తారు. పక్క తెప్ప పిల్లాడి పేరు అడిగితే బిక్కమొహం వేస్తారు. ఇలా కాదని పెద్దల కూటంలో నెత్తీ నోరూ కొట్టుకుని ఈ బడి తెరిపించాను. తెరిచిన రోజే ఒకడు ఇంకొకణ్ణి సముద్రంలోకి తోసేశాడు. పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టినంత మాత్రాన బడి అయిపోదని అప్పుడు తెలిసొచ్చింది. అందుకే జపానుకి కబురు పెట్టాను.

బుధవారం

మొరిత గారి పెట్టె తెరిస్తే ఏముందనుకున్నావు? పాత గుడ్డ పీలికలు, తెల్ల టోపీలు, ముందు కట్టుకునే తెల్లబట్టలు, ఒక పెద్ద గరిటె. ఇంత దూరం సముద్రం దాటి మోసుకొచ్చింది ఇవా అని నాకు నీరసం వచ్చేసింది.

ఆవిడ మొదట చేసిన పని బొద్దింకల్ని ఆపెయ్యడం. తరవాత తలా ఒక గుడ్డ ఇచ్చి, తనే మోకాళ్ల మీద వంగి, రెండు చేతులూ గుడ్డ మీద ఆనించి, గది ఈ చివరి నుంచి ఆ చివరికి తుడుచుకుంటూ ఒకే పరుగు తీసింది. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. మరుక్షణం అందరూ నేల మీద వంగారు. ఒకరినొకరు గుద్దుకున్నారు, బోర్లాపడ్డారు, ఒకటే నవ్వులు. వీళ్లందరూ కలిసి నవ్వగా నేను వినడం ఇదే మొదలు.

ఇంతలో అమ్మలూ అమ్మమ్మలూ పడవలేసుకుని వచ్చేశారు.

"మా గుంటలు సాకిరీ సెయ్యడానికేటి బడికి పంపినాం? బొద్దింకలు సచ్చిపోయినాయా?" అని ఒకావిడ గుమ్మంలో నిలబడి అరిచింది.

నేను నాలుగు మాటలు అనడానికి కొంగు బిగించాను. కానీ లోపల జపాను పంతులమ్మ మోకాళ్ల మీద కూర్చుని నేల తుడుస్తోంది. అది చూసి ఆవిడ నోరు మూతపడింది. గదంతా ఒకసారి కలియజూసి, "ఆ మూల మరక ఉండిపోనాది, సూడమ్మా" అంది మొరిత గారితో. ఇంకేం, గండం గడిచింది.

చెప్పులు గుమ్మం బయట విడవాలని మొరిత గారు బొమ్మ గీసి చూపిస్తే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోపలికి చెప్పులతో ఎవడొస్తాడు? మాకు అక్కర్లేని పాఠం అదొక్కటే.

తరవాత గోడకి ఒక చక్రం తగిలించింది. ఈ రోజు తుడిచేది ఎవరు, వడ్డించేది ఎవరు, రోజంతా తరగతికి పెద్దగా ఉండేది ఎవరు, అన్నీ దాంట్లో ఉంటాయి. రోజుకోసారి చక్రం తిప్పుతారు. దానికి వాళ్ల భాషలో ఏదో మాట అంది. చిలక దాన్ని "వంతు" అని మార్చింది. పిల్లలకి ఆ మాట తెలిసిందే కనక వెంటనే పట్టుకున్నారు. ఇప్పుడు ఎవర్ని చూసినా "నా వంతెప్పుడు, నా వంతెప్పుడు" అనే గోల. అందరి కన్నూ గరిటె మీదే. గొట్టంలోంచి ఎవరి గిన్నెలో వాళ్లు పట్టుకుని తినే పిల్లలు కదా. బడి గొట్టంలోంచి బకెట్లోకి పట్టి, గరిటెతో ఇంకొకరికి వడ్డించడమంటే వాళ్లకి రాజ్యం ఏలినట్టుంది. టోపీ పెట్టుకుని, తెల్లబట్ట కట్టుకుని, అందరికీ సమానంగా వడ్డించాలి. చివరి పిల్లకి కూడా వడ్డించడం అయ్యాక, వడ్డించినవాళ్లు "ఇంక తిందాం" అనాలి. అంతవరకూ ఎవరూ ముట్టరు.

శుక్రవారం

పైడి సంగతి ఒకటి రాయాలి. పూర్తి పేరు పైడితల్లి. ఈ ఎండాకాలమే ఏటిమొగ వైపు నుంచి వచ్చి మా ఊరికి పగ్గం కట్టిన తెప్ప వాళ్లది. తల్లి నూకరత్నం, కూతురు, అంతే. తండ్రిని కిందటేటి గాలివాన తీసుకుపోయింది. ఒంటి తెప్ప మీద ఉన్నారట అప్పుడు. ఏ ఊరికీ కట్టుకోని తెప్పని గాలివాన ఏం చేస్తుందో సముద్రం మీద బతికేవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే మా ఊరికి చేరారు. అయినా నూకరత్నం మొదటి రోజే నాతో, "నచ్చితే ఉంతాం టీచరమ్మా, నేకపోతే పగ్గం ఇప్పుకుని దచ్చినం ఊరికి ఎల్లిపోతాం" అంది. మాట కచ్చితం మనిషి.

పైడి నోట్లో నాలుక లేని పిల్ల. గుడ్డ పరుగుల్లో మాత్రం అందరికంటే ముందుంటుంది. నిన్న గెలిచి, నా వైపు తిరిగి పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. ఈ గాలివానల కాలం ఇక్కడే గడిస్తే ఇంక ఎక్కడికీ పోరని నా మనసు కుదుటపడింది.

ఈ సాయంత్రం నుంచి ఇంకో పద్ధతి మొదలు. ఇంటికెళ్లే ముందు పిల్లలే కూటం పెట్టుకుని ఆ రోజు ఎలా గడిచిందో మాట్లాడుకోవాలి. ఆ రోజు పెద్ద ఎవరైతే వాళ్లే నడపాలి. మేము, అంటే నేనూ మొరిత గారూ, నోరు మెదపకూడదు. దానికి ఆవిడ "హన్‌సెయ్" అంది. చిలక పిల్లల వైపు తిరిగి, "ఇప్పుడు ఎవరి తప్పు వారు చెప్పుకొనవలెను" అంది.

పిల్లలు నిటారుగా సర్దుకుని కూర్చున్నారు. ఆదివారాల్లో పెద్దల కూటం జరిగేటప్పుడు వెనకాల తాళ్లెక్కి కూర్చుని చూస్తుంటారు కదా, అలాగే చేతులు కట్టుకున్నారు. ఒకడు చెక్క మీద బొమ్మ గీశానన్నాడు, ఒకర్తి పాచి పట్టిన మెట్టు తుడవలేదంది. ముద్దొచ్చారు. నేను నోరు మెదపకుండా కూర్చున్నాను, నమ్మితే నమ్ము.

సోమవారం

ఈ రోజు తల ప్రాణం తోకకొచ్చింది.

మధ్యాహ్నం తుడిచాక మసిగుడ్డలు ఉప్పునీళ్ల పీపాలో ఉతకాలి. పైడి వాటిని మంచినీళ్ల పీపాలో ఉతికేసింది. రెండు పీపాలూ ఒకే నీలం రంగు, పక్కపక్కనే ఉంటాయి. తెల్లవారుజామున నేను వలలు పిండి నింపిన నీళ్లన్నీ మురికి. సాయంత్రం దాకా బడిలో ఒక్కరికీ గుక్కెడు నీళ్లు లేవు. ఎండలో పిల్లల నాలుకలు పిడచకట్టుకుపోయాయి. నేనూ గట్టిగానే విసుక్కున్నాను.

సాయంత్రం కూటంలో చిలక "ఎవరి తప్పు వారు చెప్పుకొనవలెను" అనగానే పైడి లేచింది.

"మంచినీల పీపాలో గుడ్డలు ఉతికింది నానే" అంది.

ఈ రోజు పెద్ద ఎల్లాజీ. పన్నెండేళ్ల వాడు, మాట్లాడితే వాళ్ల తాత మాట్లాడినట్టే ఉంటుంది. ఆ తాత పెద్దల కూటంలో పెద్ద. ఎల్లాజీ గంభీరంగా అందరి వైపూ చూసి, "మరేటి సేద్దాం?" అన్నాడు. గుసగుసలయ్యాయి. "తప్పు ఒప్పుకుంది గావట్టి కొట్టకూడదు. పైడికి వంతు నేదు. సెయ్యెత్తండి" అన్నాడు. అందరూ చెయ్యెత్తారు. పైడి కూడా ఎత్తింది.

నాకు ఏదో అనాలనిపించింది. మొరిత గారు నా చెయ్యి మీద చెయ్యి వేసి తల అడ్డంగా ఊపింది. సరే, కొన్నాళ్లు గరిటె పట్టుకునే వంతు పోతుంది, అంతే కదా అనుకున్నాను. తమలో తాము తేల్చుకున్నారు, నేను అరవక్కర్లేకపోయింది. హమ్మయ్య అనుకుని ఇంటికెళ్లాను.

గురువారం

ఆ హమ్మయ్యని వెనక్కి తీసుకుంటున్నాను.

మంగళవారం, బుధవారం పైడి బడికి వచ్చింది. ఒక మూల కూర్చుంది. వడ్డించేవాళ్లు ఆమె పళ్లెంలో వడ్డించి, మొహం చూడకుండా ముందుకి జరిగారు. గుడ్డ పరుగుల్లో ఆమె పక్కన ఎవరూ వంగలేదు. తరగతి ఎంత నిశ్శబ్దంగా ఉందో అని నేను సంతోషించాను కూడా. ఈ రోజు పైడి రాలేదు. జ్వరమేమో చూద్దామని బడి అయ్యాక వాళ్ల తెప్పకి వెళ్లాను.

నూకరత్నం పగ్గాలు చుట్టలు చుడుతోంది.

"ఏమిటమ్మా ఇది?"

"ఎల్లిపోతన్నాం టీచరమ్మా. గుంట అన్నం మానేసింది, మాట మానేసింది. రాత్రి నిద్దట్లో ఏడుత్తంది. ఏటయిందే అంతే సెప్పదు. ఈ ఊరుగాలి దానికి పడనేదు."

పైడి గోడకి ఆనుకుని మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. పక్కన చతికిలబడి, ఏమైందే తల్లీ అని అడిగాను.

"నాకు వంతు నేదు కదా" అంది.

"వడ్డించే వంతే కదే! చక్రం తిరిగితే అదే వస్తుంది."

"అది గాదు టీచరమ్మా. ఎల్లాజీ సెప్పినాడు, పెద్దలు వంతు తీసేత్తే ఇంక ఆలతో ఎవులూ మాటాడకూడదంట. మీ ఊల్లో అలగేనంట. వంతు నేదు నాకు."



అమ్మా, చదువుతున్నదానా, నీకు చెప్పాలి. మా ఊళ్లో వలకి పడిన చేపల్ని తెప్పకింత అని పంచుకుంటాం. అదీ వంతే. పెద్దల కూటంలో ఎవరైనా పెద్ద తప్పు చేశాడని తేలితే, "వాడికి వంతు లేదు" అంటారు. అంటే చేపల్లో పాలు లేదనే కాదు. వాడితో మాట లేదు, నిప్పు లేదు, నీళ్లు లేవు. వెలేశారన్నమాట. ఆ మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. బడిలో విన్నప్పుడు మాత్రం గోడ మీది చక్రమే గుర్తొచ్చింది. చిలక తప్పు చెప్పుకోమంది, పిల్లలకి తప్పు అనగానే పెద్దల కూటం గుర్తొచ్చింది. తప్పుంటే శిక్ష ఉండాలి కదా. అలా ఒక పసిదాన్ని వెలేసి, చెయ్యెత్తించి, దాని చెయ్యి కూడా ఎత్తించి, నా కళ్లముందే ఇంటికెళ్లారు. నేను మెచ్చుకున్నాను!

నూకరత్నానికి అర్థమయ్యేసరికి మొహం ఎర్రబడింది. "పసిగుంటని ఎలేసినారా? గుక్కెడు నీలకోసం ఎలేసినారా?" అంది. "రేపు మజ్జాన్నం పోటుకి పగ్గాలిప్పేత్తాను. ఇంక మాటాడకండి."

"గాలివాన వస్తోందమ్మా. ఆకాశం చూడు. ఒంటి తెప్ప మీద..."

"ఒంటి తెప్ప సంగతి నాకు సెప్తారా?"

చెప్పులు చేత్తో పట్టుకుని పగ్గాల వంతెనల మీద పరిగెత్తుకుంటూ బడికి వచ్చాను.

మొరిత గారిని పట్టుకుని కడిగేశాను. "ఎంత మంచి పద్ధతి తెచ్చారండీ! నోరు మెదపకూడదన్నారు, మెదపలేదు. రేపు ఆ తల్లీపిల్లా సముద్రం పాలైతే మీ చిట్టాలో ఏమని రాయమంటారు?" చిలక ఇదంతా ఏ భాషలోకి మార్చిందో కానీ, ఆవిడ మొహం పాలిపోయింది. తరవాత చిలకని చేతిలోకి తీసుకుని, హన్‌సెయ్ అన్న మాటని తెలుగులో ఏమని చెప్పావు అని అడిగింది. చిలక, "తప్పు ఒప్పుకొనుట. పశ్చాత్తాపము" అని రెండు భాషల్లోనూ చెప్పింది.

ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఆ మాటలో తప్పన్నది ఒక మూలన మాత్రమే ఉంటుంది," అని చిలక చేతే మెల్లగా చెప్పించింది. దాని గ్రాంథికం వదిలేసి రాస్తున్నాను. "రోజు గడిచాక దాన్ని మళ్లీ ఒకసారి తీసుకుని చూస్తాం. ఏది బాగుంది, ఏది బాగులేదు, రేపు ఎలా చేద్దాం అని. ఎవరిది తప్పని వెతకడానికి కాదు. మా దేశంలోనూ ఒక్కోసారి కూటం ఒక పిల్ల మీద పడుతుంది. అలా పడకుండా చూసుకోవలసింది పంతులమ్మే. నేను మిమ్మల్ని నోరు కట్టేసుకోమన్నాను. కళ్లు తెరిచి ఉంచుకోవలసింది నేను."

నా కోపం దిగిపోయింది. మనిషి ఏడుస్తోంది మరి. దగ్గర కూర్చుని, "మళ్లీ తీసుకుని చూడ్డమంటే ఎలాగండీ?" అన్నాను. ఆవిడ మాట కోసం తడుముకుని, ఏదో నమిలినట్టు నోరు ఆడించి చూపించింది. మిగిలినదాన్ని నోట్లోకి తెచ్చుకుని మళ్లీ నమిలినట్టు.

"నెమరు!" అన్నాను.

చిలకకి ఆ మాట రాదు. మేక గడ్డి తిన్నాక తీరిగ్గా కూర్చుని ఏం చేస్తుందో నేను చేసి చూపించాను. మొరిత గారు కన్నీళ్లలోనే పకపకా నవ్వింది. "నెమరు, నెమరు" అని పలికి చూసుకుంది.

పిల్లల్ని రేపు పొద్దున్నే నిలబెట్టి, పైడికి వంతు ఇచ్చెయ్యండని చెప్తానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. మీరు చెప్తే పైడితో మాట్లాడతారు, అదీ మీ ముందు మాత్రమే అంది. నిజమే. మా ఊరి కట్టుబాటూ అంతే. వంతు తీసేసినవాళ్లే తిరిగి ఇవ్వాలి, పైనుంచి ఇంకెవరిచ్చినా అది చెల్లదు. చేతిలో ఉన్నది రేపు మధ్యాహ్నం పోటు దాకానే.

మంగళవారం

గాలివాన వెళ్లిపోయింది. వలలు చిరిగాయి, బడి కప్పు సగం లేచిపోయింది, అయినా అందరం ఉన్నాం. రాయడానికి ఇప్పటికి తీరింది. శుక్రవారం సంగతి మొదట్నుంచీ చెప్తాను.

పొద్దున్నే కూటం పెట్టించాను. చిలకని గూట్లో పెట్టి మూసేశాను.

"ఇది తప్పుల కూటం కాదు. చిలక తప్పు చెప్పింది. దీని పేరు నెమరు."

"మేకల్లాగేటి?" అన్నాడు ఎల్లాజీ. ఒకడు మే అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను.

"మేకల్లాగే. పీపా పాడైన రోజుని మళ్లీ నమలండి. ఎవరు తప్పు చేశారో చెప్పొద్దు. మీరు ఏం చూశారో, మీరు ఏం చేశారో అంతే చెప్పండి. పైడి వాళ్లు ఈ మధ్యాహ్నం పగ్గాలు విప్పుకుని వెళ్లిపోతున్నారు."

నవ్వు ఆగిపోయింది. బయట గాలి మొదలైంది, మొరిత గారు కళ్లు మూసుకోకుండా ఒక్కొక్కరి మొహమే చూస్తోంది.

ఒక పిల్ల మెల్లగా, "పైడి మూత తియ్యడం నాను సూసాను. తాగుతాదనుకున్నాను" అంది.

"రెండు పీపాలూ ఒకలాగే ఉన్నాయి. నానూ ఒకపాలి ఉప్పునీలు తాగేసినాను" అన్నాడు ఇంకొకడు.

"ఆలుండేది ఏటి పక్కన. ఆలకి అన్నీ మంచినీలే. ఉప్పునీలతో ఉతకడం ఎలగ తెలుస్తాది?"

"మరి పీపాలు చూపించే వంతు ఎవరిది?" అన్నాను.

అందరూ చక్రం వైపు చూశారు. కొత్తవాళ్లకి అన్నీ చూపించే వంతు ఆ రోజు తరగతికి పెద్దగా ఉన్నవాళ్లది. ఎల్లాజీది.

వాడి మొహం ముడుచుకుపోయింది. "నాను సూపించనేదు. గరిటె కోసం దెబ్బలాడతన్నాను" అన్నాడు. వాళ్ల తాత గొంతు ఎక్కడికో పోయింది. పన్నెండేళ్ల పిల్లాడి గొంతే మిగిలింది. "ఇప్పుడేటి సెయ్యాల టీచరమ్మా?"

నాలుక చివరిదాకా వచ్చింది జవాబు. మింగేశాను. "నాకేం తెలుసు? వంతు తీసింది మీరు."

గుసగుసలు మొదలయ్యాయి. పెద్దలు వంతు తిరిగిచ్చేటప్పుడు చేపలు పట్టుకెళ్తారని ఒకడు, మన దగ్గర చేపలేవని ఒకర్తి, అసలు పైడి దగ్గర మనం తీసేసుకున్న వంతు ఏదని ఇంకొకర్తి. అలా తర్జనభర్జన పడుతుండగానే పొద్దెక్కి, మధ్యాహ్నం అన్నం బకెట్ వచ్చింది, పులుసన్నం. ఎల్లాజీ లేచి టోపీ పెట్టుకున్నాడు. నాకు చెప్పలేదు, అడగలేదు. ఇద్దరు బకెట్ పట్టుకున్నారు, మిగతావాళ్లు పళ్లేలు నెత్తిన పెట్టుకున్నారు, బయల్దేరారు.

పగ్గాల వంతెనలు గాలికి ఊగిపోతున్నాయి. ముందు నేను, వెనక మొరిత గారు, మధ్యలో ఆ పళ్లేల దండు. ఎవరు పడతారో, బకెట్ ఎక్కడ ఒలుకుతుందో అని నా ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. ఆ చివర నూకరత్నం తెప్ప కనిపించింది. ఒక పగ్గం అప్పటికే విప్పేసి ఉంది. రెండోదాని ముడి మీద ఆమె చేతులున్నాయి.

"ఏటిది? ఏటీ దండు?" అంది.

పిల్లలు తెప్ప మీదికి ఎక్కి, పళ్లేలు ముందు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. ఎల్లాజీ తెల్లబట్టా గరిటే పట్టుకుని పైడి ముందు నిలబడ్డాడు.

"ఈయేల వడ్డించే వంతు నీది" అన్నాడు. "పీపాలు నీకు సూపించనేదు, అది నా వంతు. నాను సెయ్యనేదు. నువ్వు వడ్డించకపోతే మాం తినం. ఆకలేత్తంది పైడీ."

అన్ని రోజుల తరవాత ఆ పిల్ల పేరు ఇంకో పిల్లాడి నోట వచ్చింది. పైడి తల్లి వైపు చూసింది. నూకరత్నం ముడి వదల్లేదు, బిగించనూ లేదు. "ఎల్లు" అని మాత్రం అంది.

పైడి తెల్లబట్ట కట్టుకుంది. వంగి ఒక్కొక్కరి పళ్లెంలో వడ్డించడం మొదలుపెట్టింది. సమానంగా వడ్డించాలన్న సంగతి దానికి గుర్తుందో లేదో, గరిటె నిండా కుమ్మరిస్తోంది. మొరిత గారికీ నాకూ కూడా పళ్లేలు పెట్టి వడ్డించింది. చివరికి తన పళ్లెం దగ్గరికి వచ్చేసరికి బకెట్ ఖాళీ. గరిటె అడుగున గీకిన చప్పుడు అందరికీ వినిపించింది.

ఎవరూ ముట్టుకోలేదు. పైడి ఖాళీ పళ్లెం ముందు కూర్చుని తల దించుకుంది. "ఇంక తిందాం" అనాల్సింది తనే, ఎలా అంటుంది?

ఎల్లాజీ తన పళ్లెం ఎత్తి, అందులోంచి కొంచెం ఆమె పళ్లెంలోకి వంచాడు.

"ఒరే, ఎంగిలి!" అని నూకరత్నం అరిచింది. ఆవిడకి ఎంగిలి అంటే ఎంత పట్టింపో నాకు ఆ క్షణం దాకా తెలీదు. "నా గుంటకి ఎంగిలి కూడు పెడతావేట్రా?"

"ఎంగిలి కాదు పిన్నీ," అన్నాడు వాడు. "ఎవులూ ముట్టనేదు. అందరికీ వడ్డించడం అయిపోతే గానీ మాం ముట్టం."

నూకరత్నం వరసనంతా చూసింది. నిజమే. గాలికి జుట్టు ఎగురుతోంది, కడుపులు మాడుతున్నాయి, ఒక్క చెయ్యీ అన్నం మీదికి వెళ్లలేదు. వాడి పక్క పిల్ల పళ్లెం వంచింది. దాని పక్కవాడు వంచాడు. చివరికి మొరిత గారు లేచి వచ్చి తన పళ్లెమూ వంచింది. ఆవిడ తరవాత నేను. పైడి పళ్లెం అందరికంటే ఎత్తుగా నిండిపోయింది. అది చూసి ఎవరో కిసుక్కున నవ్వారు. పైడికీ నవ్వొచ్చింది, పళ్లన్నీ కనిపించేలా.

"ఇంక తిందాం" అంది.

ఏం తిన్నానో నాకు తెలీదు. ఏడుస్తూ తిన్నాను. మొరిత గారికి పులుపు గొంతుకి పట్టి ఒకటే దగ్గు, పిల్లలంతా ఆవిడ వీపు మీద చరిచారు.

తలెత్తి చూస్తే నూకరత్నం నా వైపే చూస్తోంది.

"ఏటలాగ సూత్తన్నారు టీచరమ్మా? గాలి లేత్తంది. ఇప్పేసిన ఆ పగ్గం ఇలగందుకోండి" అంది.

ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను. పగ్గం నేను లాగి పట్టుకున్నాను, ముడి మాత్రం ఆవిడే వేసుకుంది. నా ముడి మీద నమ్మకం లేదట.